గంగవ్వ కంట్లో రవ్వలు

అది 2022, చలికాలం. బోధన్‌లో అంగడి జరిగే రోజునే మేం కంటి క్యాంపు పెట్టేవాళ్ళం. కూరగాయలకూ ఎండుచేపలకూ ఎలాగూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వస్తారు, వాళ్ళలో చూపు మసకబారినవాళ్ళు నాలుగడుగులు ఇటు కూడా వేస్తారని మా ఆలోచన. నా పేరు ఎస్తేరు. నిజామాబాద్‌లో ఒక కంటి ఆసుపత్రిలో నర్సును. అప్పటికి నా ఉద్యోగానికి పంతొమ్మిదేళ్ళు. పొద్దున్నే వ్యానులో బోధన్ వెళ్ళడం, అక్కడ ఒక ఫంక్షన్ హాలులో రోగులను చూడడం, శుక్లం ముదిరినవాళ్ళను సాయంత్రం అదే వ్యానులో నిజామాబాద్ తీసుకురావడం, మర్నాడు పొద్దున ఆపరేషన్. ఇదీ మా పద్ధతి.

ఈ పనిలో నా వంతు సిరింజింగ్. అదేమిటో చెప్పాలి. ఏడ్చినప్పుడు ముక్కు ఎందుకు కారుతుందని మనలో ఎవరూ అడగరు. రెప్ప లోపలి మూలన, ముక్కు పక్కగా, సూదిమొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. దాన్ని పంక్టమ్ అంటాం. కంట్లో ఊరిన నీరు ఆ రంధ్రం గుండా సన్నటి గొట్టంలోకి, అక్కణ్ణుంచి చిన్న సంచిలోకి, సంచి నుంచి ముక్కులోకి దిగుతుంది. ఆ దారిలో ఎక్కడైనా చీము ఉంటే శుక్లం ఆపరేషన్ చేయకూడదు. కోసిన కంట్లోకి ఆ చీము చేరిందంటే రెండు మూడు రోజుల్లో కన్ను కుళ్ళిపోతుంది. అందుకే ముందుగా మొండి సూదితో ఆ రంధ్రంలోకి ఉప్పునీళ్ళు ఎక్కిస్తాం. గొంతులో ఉప్పగా తగిలితే దారి బాగున్నట్టు, నీళ్ళు వెనక్కి చిమ్మితే మూసుకుపోయినట్టు. ఈ పనిలో నా చేతి మీద నాకు గర్వం. నా నోరంటే మాత్రం అందరికీ భయం. క్యాంపులో వరస తప్పినవాళ్ళను, మందులు మానేసినవాళ్ళను నేను కేకలేసే తీరు చూసి మా వ్యాను డ్రైవర్ కూడా టీ తాగే నెపంతో బయటికి పోయేవాడు.

అలాంటి ఒక అంగడి రోజున వచ్చిన గంగవ్వకు అరవైకి అటూ ఇటూ ఉంటాయి. బోధన్ అవతల ఒక ఊరు. జీవితమంతా బీడీలు చుట్టిన చేతులు. పన్నెండేళ్ళప్పుడు చెరకు తోటలో ఆకు గీసుకుని పుండై కుడి కన్ను పోయింది. ఆ కంట్లో తెల్లటి పువ్వు తప్ప ఏమీ మిగల్లేదు. మిగిలిన ఎడమ కంట్లో శుక్లం బాగా ముదిరింది. వేళ్ళ వాటంతో బీడీ చుట్టగలుగుతోంది కానీ కట్టల్లో సగం పనికిరావని వెనక్కి కొడుతున్నారట. చేయి పట్టుకుని తీసుకొచ్చిన కోడలు స్వరూప, మా అత్త పొయ్యి దగ్గరికి పోతే నాకు గుండె దడ అని చెప్పింది. ఈ కంటికి ఏమైనా అయితే గంగవ్వకు ఇక వెలుగు లేదు.

నీళ్ళు కారతాయా అని అడిగాను. అందరినీ అడిగేదే.

“రెండేండ్ల సంది కారుతున్నది సిస్టరమ్మ. తంబాకు దుమ్ముకు మా వాడకట్టుల అందరికీ కారుతది గని, నాకు గట్ల కాదు. నాకు కంట్లకెల్లి రవ్వలొస్తయి.”

“ఏం రవ్వలు?”

“పచ్చగ, గోధుమరవ్వ లెక్క ఉంటయి. కాశీబాయి తీస్తది, నాలుకతోని.”

కాశీబాయి పేరు వినగానే నా ఒళ్ళు మండింది. అంగడిలో ఒక మూల గోనెసంచి పరుచుకుని కూర్చునే మరాఠీ ఆమె. కంట్లో నలుసు పడ్డవాళ్ళు ఆమె దగ్గరికి పోతారు. రెప్ప తిప్పి, నాలుక కొనతో లోపలంతా తుడిచి, ఏదో ఒకటి అరచేతిలో ఉమ్మి చూపిస్తుంది. కంటి ఆసుపత్రిలో పనిచేసే వాళ్ళెవరికైనా ఈ కనికట్టు తెలుసు. ఇసుక పలుకో, గడ్డి ముక్కో ముందే బుగ్గలో పెట్టుకుంటారు. ఆ నాలుక చేసిన పుండ్లకు మందు వేసేది మేము. గంగవ్వను నిలబెట్టి తిట్టాను. ఒక్క కన్ను పెట్టుకుని ఎంగిలి నాలుకకు ఇస్తావా, ఆమె నోట్లోవి నీ కంట్లోంచి వచ్చాయని నమ్మడానికి చిన్నపిల్లవా అన్నాను. వరసలో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు.

గంగవ్వ బొడ్లోంచి ఒక బీడీ లాంటిది తీసింది. తునికాకులో చుట్టి, బీడీకి మడిచినట్టే రెండు కొసలూ మడిచి ఉంది. రవ్వలు ఇందులనే ఉన్నయి, ఒక్కపారి సూడు అంటూ గోటితో కొస విప్పబోయింది. నేను చూడలేదు. దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని చెత్త బకెట్‌లో పడేశాను.

తర్వాత సిరింజింగ్ చేశాను. నీళ్ళు సులువుగా దిగాయి. ఉప్పగా ఉందా అంటే ఉంది అని తల ఊపింది. కింది రెప్ప రంధ్రం కొంచెం ఉబ్బి, దాని మూతి దగ్గర ఆవగింజంత ఎర్రటి కండ కనిపించిన మాట నిజం. కాశీబాయి నాలుక ఒరుసుకుని రేగిన పుండు అనుకున్నాను. దారి బాగుంది అని రాసి సంతకం పెట్టాను.

సాయంత్రం నిజామాబాద్‌లో మా డాక్టరు గారు ఆమెను చూశారు. ఆయన చూడడం అయ్యాక నన్ను పిలిచి, రెప్ప మూల ఎర్రగా ఉందేమిటి సిస్టర్ అని అడిగారు. సిరింజింగ్ నేనే చేశాను సార్, దారి బాగుంది, ఆ ఎరుపు అంగడి వైద్యం అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. పంతొమ్మిదేళ్ళలో నేను బాగుందని రాసింది బాగా లేకపోవడం ఆయనెప్పుడూ చూడలేదు. గంగవ్వ పేరు మర్నాటి జాబితాలో మూడోది అయింది.

మర్నాడు పొద్దున ఆపరేషన్ గది బయట వాళ్ళను వరసగా కూర్చోబెట్టాం. కనుపాప విచ్చుకునేందుకు చుక్కలు వేయడం, కన్ను తుడవడం, కనుబొమ పైన గుర్తు పెట్టడం నా పని. మొదటి కేసు అయిపోయింది, రెండోది బల్ల మీద ఉంది. నేను గంగవ్వ కంట్లో చుక్కలు వేసి, బయటికి కారిన మందును దూదితో తుడుస్తూ రెప్ప మూల దగ్గర కొంచెం అదిమాను.

ఆ ఉబ్బిన రంధ్రంలోంచి చిక్కటి చీము ఒక బొట్టు వచ్చింది. అందులో పసుపుపచ్చటి గింజ ఒకటి ఉంది. అచ్చం గోధుమరవ్వ.

ఇంకోసారి అదిమాను. ఇంకో రెండు వచ్చాయి. నా చేతి తొడుగు మీద అవి మూడు పక్కపక్కన ఉన్నాయి. గంగవ్వకు అవి కనిపించవు, కానీ దూది ఆగిపోయిందని తెలిసింది. “గవేనా సిస్టరమ్మ?” అని మెల్లగా అడిగింది.

నర్సింగ్ చదివే రోజుల్లో ఒక పేజీలో చదివిన జబ్బు అది. కెనాలిక్యులైటిస్ అంటారు. కన్నీళ్ళు దిగే సన్నటి గొట్టంలో ఒక రకం క్రిమి చేరి, నెలల తరబడి గింజలు గింజలుగా పేరుకుంటుంది. గొట్టం ఒక పక్క సంచిలా ఉబ్బుతుంది కానీ మూసుకుపోదు. ఉప్పునీళ్ళు దిగుతూనే ఉంటాయి. అంటే నా పరీక్ష ఆ జబ్బును పట్టుకోలేదు. పట్టుకోగలిగింది రోగి మాట ఒక్కటే. ఆ మాటను నేను చెత్తబుట్టలో వేశాను.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ నిమిషంలో నాకు మొదట కలిగింది జాలి కాదు, భయం. అదీ నా గురించి. ఆ మూడు గింజలూ తుడిచేసి, బెటాడిన్ ఇంకో రెండు చుక్కలు ఎక్కువ వేసి పంపిస్తే ఎవరికీ తెలియదు అన్న ఆలోచన నా తలలోకి వచ్చింది. అంతమంది ముందు నేను తిట్టిన ముసలామే నిజం చెప్పిందని డాక్టరు గారి ముందు ఒప్పుకోవడం నాకు అంత కష్టంగా తోచింది. ఆలోచన ఎంతసేపు నిలిచిందో తెలియదు. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గుతో నా చెవులు వేడెక్కుతాయి.

లోపల రెండో కేసు అయిపోయింది. ఆయా చక్రాల కుర్చీ తెచ్చి గంగవ్వ పక్కన ఆపింది. అవ్వా లే, పోదాం అంటూ చంక కింద చేయి వేసింది. గంగవ్వ లేచింది. నేను ఆమె భుజం మీద చేయి వేసి మళ్ళీ కూర్చోబెట్టాను. డాక్టరు గారు బయటికి రావాలని లోపలికి కబురు పంపాను. తొడుగు వేసుకున్న చేయిని మాత్రం అలాగే పైకి పట్టుకుని నిలబడ్డాను, గింజలు పడిపోకుండా.

ఆపరేషన్ల మధ్యలో పిలిస్తే ఏ డాక్టరుకైనా చిరాకే. ఆయన చిరాకుగానే వచ్చారు. నా చేయి చూశాక ఆ చిరాకు పోయింది. గంగవ్వను స్లిట్ ల్యాంప్ దగ్గరికి, అంటే కంటిని పెద్దదిగా చూపే పరికరం దగ్గరికి తీసుకెళ్ళి, రెండు దూదిపుల్లలతో రెప్ప మూలను మెల్లగా నొక్కారు. రవ్వలు వస్తూనే ఉన్నాయి.

“సిస్టర్, ఈ కన్ను మనం ఇప్పుడు కోసి ఉంటే...” అని ఆగిపోయారు.

“తప్పు నాది సార్. ఆమె నిన్న నాకు చెప్పింది. నేను వినలేదు.”

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంచెం తేలికపడేదాన్ని.

ఆపరేషన్ ఆగిపోయిందని చెప్పగానే గంగవ్వ కూలబడింది. క్యాంపులకు వచ్చేవాళ్ళకు ఆపరేషన్ వద్దనడమంటే ఒకటే అర్థం, ఆ కన్ను ఇక బాగుపడదని. స్వరూప అత్త చేయి పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. అంతకంటే కష్టమైన సంగతి ఇంకొకటి చెప్పాల్సి ఉంది. రంధ్రం మూతి దగ్గర పెరిగిన ఆ ఎర్రటి కండను డాక్టరు గారు గ్రాన్యులోమా అనుకున్నారు. లోపల క్రిమి తిష్ఠ వేస్తే, ఒళ్ళు దానితో పోరాడుతూ పెంచుకునే వాపు కండ అది. కానీ అలా కనిపించే ప్రతి కండా అదే కానక్కర్లేదు. క్యాన్సర్ కూడా అలా మొదలవచ్చు. అందుకని ముక్క తీసి ల్యాబుకు పంపాలన్నారు. దాన్నే బయాప్సీ అంటాం.

ఆ మధ్యాహ్నమే మందు సూదితో రెప్ప మూలను మొద్దుబార్చి, రంధ్రాన్ని కొంచెం చీల్చి, చిన్న చెంచా లాంటి పరికరంతో గొట్టం లోపలంతా గీకి తీశారు. ఒక్క గింజ మిగిలినా మళ్ళీ మొదటికి వస్తుందట. గంగవ్వ తల కదలకుండా నేను రెండు చేతులతో పట్టుకున్నాను. ఎన్ని తీశారో లెక్కపెట్టలేదు కానీ గాజు పలక మీద చిటికెడు కుప్ప అయింది. ఎర్రటి కండ ముక్కను సీసాలో వేసి పేరు రాశాను.

రెండు రకాల చుక్కలు ఇచ్చి, వచ్చే వారం బోధన్ క్యాంపుకు రమ్మని చెప్పి పంపాం. వారం తిరిగింది. ల్యాబు కాగితం నా సంచిలో ఉంది. వాపు కండే, క్యాన్సర్ కాదు అని. ఆ మాట ఆమెకు చెప్పాలని ఫంక్షన్ హాలు తలుపు వైపు పొద్దుటి నుంచీ చూస్తూ ఉన్నాను. గంగవ్వ రాలేదు. స్వరూప ఫోను కలవలేదు. చుక్కలు ఆ రోజుతో అయిపోతాయి. మందు ఆగితే లోపల మిగిలిన క్రిమి మళ్ళీ లేస్తుంది. అప్పుడు ఆ కంటికి ఇంకెవరూ కత్తి పెట్టరు.

కాశీబాయే ఆపేసి ఉంటుందని నాకు గట్టి అనుమానం. మధ్యాహ్నం భోజనం వదిలేసి అంగడిలోకి నడిచాను. మిరపకాయల రాశుల వెనక, గోడ నీడలో కూర్చుని ఉంది. నా తెల్ల కోటు చూసి కొంగు సర్దుకుంది. గంగవ్వను ఏం చేశావని అడిగాను. నా గొంతు ఎలా ఉందో నేను చెప్పనక్కర్లేదు.

కాశీబాయి తొణకలేదు. గోనెసంచి మీద చోటు చూపించి కూర్చోమంది. నేను కూర్చోలేదు.

“ఖర సాంగ్తే, నిజం చెప్తున్న బాయీ. కొందరికి నేనే పెడ్త. నోట్ల ఇసుక పలుకు పెట్టుకోని తీసినట్టు సూపెడ్త. సూడందే జనం నమ్మరు. గంగవ్వకు మాత్రం నేనేం పెట్టలే. అవి వాటంతటవే వచ్చినయి. నాకే దడుపొచ్చింది. ఇది నాతోని కాదు, దవాఖానకు పో అని నేనే తోలిన.”

అప్పుడు కూర్చున్నాను. పంతొమ్మిదేళ్ళ అనుభవం ఉన్న నర్సు పారేసిన సంగతిని, నోట్లో ఇసుక పెట్టుకుని జనాన్ని నమ్మించే ఆమె పట్టుకుంది. ఎక్కడ తన కనికట్టు ఆగిపోయి జబ్బు మొదలైందో ఆమెకు తెలిసింది. గంగవ్వ ఎందుకు రాలేదో కూడా ఆమే చెప్పింది. ముక్క తీసి పంపించారంటే క్యాన్సరేనని వాడకట్టులో ఎవరో అన్నారట. కాగితం చూస్తే చచ్చిపోతానని గంగవ్వ ఇల్లు కదలడం లేదట. నా మాట కంటే నీ మాటే ఆమె వింటుంది, కాగితం మంచిగనే వచ్చిందని కబురు చెయ్యి అని కాశీబాయిని బతిమాలాను. నా నోటి నుంచి ఆ మాట వస్తుందని ఆ పొద్దున ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని. ఆమె గంగవ్వ ఊరికి పోయే ఆటోవాణ్ణి కేకేసి పిలిచి, మరాఠీ, తెలుగు కలిపి ఏదో గట్టిగా చెప్పింది.

మూడున్నరకు, మేం బల్లలు సర్దే వేళకు, స్వరూప చేయి పట్టుకుని గంగవ్వ వచ్చింది. కాగితం చదివి చెప్పాను. చుక్కలు ఇచ్చాను. అప్పట్నుంచి ఆమె ఒక్క వారం తప్పలేదు. రెండు నెలలకు రంధ్రం మూతి మామూలు రంగుకు వచ్చింది. డాక్టరు గారు ఎన్నిసార్లు నొక్కినా ఏమీ రాలేదు. గొట్టంలోంచి తీసిన నీటిలో క్రిమి లేదని పరీక్ష వచ్చాకే శుక్లం ఆపరేషన్‌కు పేరు రాశారు. ఆ పొద్దున ఆపరేషన్ గది బయట నేను చేసినంత ప్రార్థన చర్చిలో కూడా ఎప్పుడూ చేయలేదు.

మర్నాడు కట్టు విప్పాను. కన్ను తెల్లగా, శుభ్రంగా ఉంది. గంగవ్వ కాసేపు రెప్పలాడించి, ముందు తన చేతివేళ్ళు చూసుకుంది. తర్వాత కోడలి మొహం చూసి, ఇంత చిక్కినవేమే అంది. స్వరూప నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. వార్డులో పక్క మంచాల వాళ్ళతో గంగవ్వ నా గురించి చెప్పడం మొదలుపెట్టింది. గీ సిస్టరమ్మే నా కన్ను కాపాడింది, ఆపరేషన్ కాకుంట అడ్డం వడ్డది అని. ఆ పొగడ్త నేను మోయలేకపోయాను. అందరూ అటు తిరిగాక ఆమె మంచం మీద కూర్చుని, కాపాడలేదు అవ్వ, నువ్వు చెప్పింది విని ఉంటే అసలు ఆ పొద్దునదాకా వచ్చేదే కాదు, నన్ను క్షమించు అన్నాను.

ఆమె నా చేయి పట్టుకుంది. మాట మాత్రం దాచుకోలేదు.

“ఒక ముచ్చట చెప్పాలె సిస్టరమ్మ. గా దినం సాయంత్రం డాక్టర్ సారు అడిగిండు, కంట్లకెల్లి ఏమన్న వస్తదా అవ్వ అని. ఏం రాదు సారు అన్న. మల్ల రవ్వల ముచ్చట తీస్తె నువ్వు కోపం జేసి నన్ను ఇంటికి తోలుతవనుకున్న. గందుకే అబద్ధమాడిన.”

అప్పటిదాకా నా తప్పు ఒక్క పొద్దుటిదే అనుకున్నాను. ఆమె మాట వినకపోవడం ఒక తప్పు. ఆ మాట ఇంకెవరికీ చెప్పకుండా ఆమె నోరు మూయించడం దానికంటే పెద్దది. నా కేకలకు భయపడి ఒక మనిషి, లోపల రవ్వలున్నాయని తెలిసి కూడా, తనకున్న ఒకే ఒక్క కంటిని కత్తి కిందికి తీసుకొచ్చింది.

ఇప్పటికీ ప్రతి వారం బోధన్ వెళ్తున్నాను. సిరింజింగ్ చేస్తున్నాను. రోగి చెప్పడం అయిపోయిందనిపించాక కూడా సూది చేతిలోకి తీసుకోకుండా కాసేపు ఊరికే కూర్చుంటాను. చాలామంది అసలు మాట అప్పుడే చెప్తారు.